తీరంలో కురుసుర.. కడలి గర్భంలో ఘాజీ

ఆత్మకూరు: విశాఖపట్నం విహారయాత్రకు వెళ్లే మెట్ట ప్రాంత విద్యార్థులు రామకృష్ణా బీచ్‌లోని జలాంతర్గామిని చూసి, 1971 యుద్ధంలో పట్టుబడిన పాకిస్థాన్ 'ఘాజీ' అదేనని పొరబడే అవకాశం ఉంది. వాస్తవానికి అది మన నౌకాదళానికి చెందిన 'కురుసుర'. 1969 నుంచి 2001 వరకు సేవలందించి, 2002లో ప్రదర్శనశాలగా మారింది.

ఘాజీ ఎవరికీ చిక్కలేదు. రెండో ప్రపంచయుద్ధ కాలంలో అమెరికా 'డయాబ్లో' పేరుతో నిర్మించిన ఈ జలాంతర్గామి 1964లో పాకిస్థాన్‌కు చేరింది. విమానవాహక నౌక విక్రాంత్‌ను ముంచే లక్ష్యంతో 1971 నవంబరులో కరాచీ నుంచి బయలుదేరింది. భారత నౌకాదళం విక్రాంత్‌ను అండమాన్ దీవులకు తరలించి, అది విశాఖ చేరువలోనే ఉన్నట్లు రాజ్‌పుత్ నౌక నుంచి వైర్‌లెస్ సందేశాలు పంపించింది. ఆ వలలో పడిన ఘాజీ, డిసెంబరు 3 అర్ధరాత్రి దాటాక విశాఖ రేవు వెలుపల పేలి మునిగిపోయింది. 93 మంది సిబ్బందిలో ఒక్కరూ ప్రాణాలతో మిగలలేదు. తర్వాత మత్స్యకారులకు దాని శకలాలు దొరికాయి.

రాజ్‌పుత్ జారవిడిచిన డెప్త్ చార్జీలే కారణమని భారత్, ప్రమాదవశాత్తు జరిగిన పేలుడని పాకిస్థాన్ పేర్కొన్నాయి. శిథిలాల ఉనికిని 2024లో నిర్ధారించుకున్న భారత నౌకాదళం, మృతులపై గౌరవంతో వాటిని తాకలేదు. శత్రువులైనా, ఆ నావికులకు విశాఖ సముద్రమే సమాధి అయింది.