పిచ్చుకల పోలికలు – గుర్తింపు చిహ్నాలు: ఖమ్మం, భద్రాచలం అటవీ సరిహద్దు రైతుకు అవగాహన

జొన్న కంకి పాలు పోసుకునే దశలో చేనుపై వాలే ప్రతి చిన్న గోధుమ రంగు పక్షినీ పిచ్చుక అనడం మన పల్లెల్లో పరిపాటి. ఖమ్మం, భద్రాద్రి కొత్తగూడెం జిల్లాల్లో పొలాలు అడవి అంచును ఆనుకొని ఉండటం వల్ల ఊరి పక్షులూ, అడవి పక్షులూ ఒకే చేలో కనబడతాయి. వీటిలో గింజకు నష్టం చేసేవి కొన్ని, పురుగులను ఏరి రైతుకు మేలు చేసేవి మరికొన్ని. జాతిని గుర్తించకుండా చేపట్టే నివారణ చర్య వల్ల నష్టం తగ్గకపోగా మేలు చేసే పక్షి నశించే ప్రమాదం ఉంది.

ఊర పిచ్చుక

మగ పక్షి నడినెత్తి బూడిద రంగులో, కంటి వెనుక నుండి మెడ వరకు ఇటుక రంగులో ఉంటుంది. గొంతు నుండి రొమ్ము వరకు నల్లని మచ్చ దీని ప్రధాన చిహ్నం. ఆడ పక్షికి ఈ నలుపు ఉండదు. మట్టి రంగు దేహం, కంటిపై లేత రంగు గీత, వీపుపై ముదురు చారలు ఉంటాయి. ఇది ఇంటి చూరు, గోడ రంధ్రాలు, బావి గట్ల వంటి చోట్ల గూడు కడుతుంది. పెద్ద పక్షులు గింజలు తిన్నా, పిల్లలకు మాత్రం అధికంగా పురుగులనే అందిస్తాయి.

అడవి పిచ్చుక

దీనిని కొండ పిచ్చుక అని కూడా అంటారు. ఊర పిచ్చుక కంటే కాస్త చిన్నది, సన్నని ముక్కు గలది. వీపుపై చారలు లేకపోవడం మొదటి చిహ్నం. భుజంపై ఇటుక రంగు పట్టీ, రెక్కపై తెల్లని గీతలు రెండవ చిహ్నం. మగ పక్షి గొంతుపై నిమ్మపండు రంగు మచ్చ ఉంటుంది కాని, దూరం నుండి ఇది స్పష్టంగా కనబడదు; కాబట్టి భుజాన్ని ముందుగా పరిశీలించడం మంచిది. ఆడ పక్షిలో భుజపు రంగు వెలిసినట్లుంటుంది, పసుపు మచ్చ ఉండదు. సంతానోత్పత్తి కాలంలో మగ పక్షి ముక్కు నల్లబడుతుంది.

ఇది చెట్టు తొర్రల్లో గూడు పెడుతుంది. గింజలు, పురుగులతో పాటు పూల తేనెను కూడా ఆహారంగా తీసుకుంటుంది. ప్రఖ్యాత పక్షి శాస్త్రవేత్త సలీం అలీ బాల్యంలో వేటాడిన ఒక పిచ్చుక గొంతుపై పసుపు మచ్చ చూసి, అది ఏ జాతిదో తెలుసుకోవడానికి బొంబాయి ప్రకృతి చరిత్ర సంఘానికి వెళ్ళారు. అది ఈ జాతి పక్షే. ఆ చిన్న మచ్చే ఆయన జీవిత మార్గాన్ని నిర్ణయించింది.

చెట్టు పిచ్చుక

నడినెత్తి అంతా ఇటుక రంగు, తెల్లని బుగ్గపై నల్లని చుక్క దీని చిహ్నాలు. ఆడ, మగ పక్షులు ఒకే విధంగా ఉంటాయి. హిమాలయాలు, ఈశాన్య రాష్ట్రాల్లో సాధారణమైన ఈ పక్షి, విశాఖ మన్యంలోని తూర్పు కనుమల్లో ఒంటరి సమూహంగా నివసిస్తుందని 1970వ దశకంలో నమోదైంది. గోదావరి తీర అడవుల్లో ఇటువంటి పక్షి కనబడితే బుగ్గ చుక్క స్పష్టంగా కనిపించే ఛాయాచిత్రం తీసి నిర్ధారించుకోవాలి.

పిచ్చుకను పోలిన ఇతర పక్షులు

వరి, జొన్న చేలపై గుంపులుగా వాలేది చాలా సందర్భాల్లో పిచ్చుక కాదు, గిజిగాడు. వానాకాలంలో మగ గిజిగానికి తలపైన, రొమ్ముపైన పసుపు రంగు వస్తుంది. మిగిలిన కాలంలో మగ, ఆడ రెండూ ఆడ ఊర పిచ్చుకను పోలి ఉంటాయి. శంకువు వంటి బలమైన ముక్కు, పొట్టి తోకను బట్టి గిజిగాడిని వేరు చేయవచ్చు. జినువాయిలు ఇంకా చిన్నవి. దున్నిన నేలపై కనబడే నేల పిచ్చుక భరత పక్షి కుటుంబానికి చెందినది. ఊర పిచ్చుక రెండు కాళ్ళతో గెంతుతుంది, నేల పిచ్చుక అడుగులు వేస్తూ నడుస్తుంది.

గుర్తింపు ఎందుకు అవసరం?

చైనాలో 1958లో పిచ్చుకలను పంట శత్రువులుగా ప్రకటించి సామూహికంగా చంపారు. అక్కడ బలైనది చెట్టు పిచ్చుక. ఆ తరువాత పురుగుల బెడద పెరగడంతో 1960లో పిచ్చుకను శత్రువుల జాబితా నుండి తొలగించి, ఆ స్థానంలో నల్లులను చేర్చారు. విషపు గింజలు చల్లినా, వలలు పన్నినా, అవి ఏ జాతినీ ఎంచి పట్టవు.

రైతులు పాటించవలసిన అంశాలు

• పక్షిని చూడగానే నడినెత్తి, బుగ్గ, గొంతు, భుజం, వీపు అనే క్రమంలో పరిశీలించాలి.
• ఒకే ప్రాంతంలోని రైతులంతా ఒకే సమయంలో విత్తాలి. ముందుగా లేదా ఆలస్యంగా పండిన చేనుపైనే పక్షుల దాడి ఎక్కువ.
• గింజ పాలు పోసుకునే దశ నుండి మెరిసే రిబ్బన్లు కట్టి, ఉదయం, సాయంత్రం కాపలా ఉండాలి.
• విషపు ఎరలు వాడరాదు.
• గట్లపై, పోడు భూముల్లో తొర్రలున్న పాత చెట్లను నరకరాదు. తొర్ర లేనిచోట అడవి పిచ్చుక సంతతి నిలువదు.

చేలో వాలిన పక్షి పేరు తెలిసిన రైతు, దేనిని తోలాలో, దేనిని నిలుపుకోవాలో తానే నిర్ణయించుకోగలడు.