చౌక ఎస్‌ఎస్‌డి కొనేముందు: పెట్టె మీద అంకెలు చెప్పనిదేమిటి?

పవర్ బటన్ నొక్కి, వంటింట్లోకి వెళ్లి టీ కలుపుకుని వచ్చినా తెర మీద చక్రం ఇంకా తిరుగుతూనే ఉంటుంది. ఏడెనిమిదేళ్ల నాటి ఇంటి కంప్యూటర్లలో చాలావాటి పరిస్థితి ఇదే. ఇలాంటప్పుడు కొత్త కంప్యూటర్ కొనాల్సిందేనని అనుకోవడం సహజం. కానీ ఎక్కువ సందర్భాల్లో ఆలస్యానికి కారణం ప్రాసెసర్ కాదు, హార్డ్ డిస్క్. దాన్ని తీసి సాలిడ్ స్టేట్ డ్రైవ్, అంటే ఎస్‌ఎస్‌డి బిగిస్తే పాత యంత్రమే చురుగ్గా పనిచేస్తుంది.

చిక్కంతా దుకాణంలో మొదలవుతుంది. ఒకే సామర్థ్యం, దాదాపు ఒకే వేగం రాసి ఉన్న రెండు డ్రైవ్‌ల ధరల్లో గణనీయమైన తేడా కనిపిస్తుంది. ఆ తేడా ఎక్కడి నుంచి వస్తుందో తెలిస్తే ఎంపిక సులువవుతుంది.

వేగం ఎందుకు పెరుగుతుంది?

హార్డ్ డిస్క్‌లో నిమిషానికి 5,400 సార్లు తిరిగే పళ్లెం ఉంటుంది. కావలసిన సమాచారం చదివే ముల్లు కిందికి రావడానికే సగటున 5.6 మిల్లీసెకన్లు పడుతుంది. ముల్లు జరగడానికి పట్టే సమయం దీనికి అదనం. కంప్యూటర్ మొదలయ్యేటప్పుడు వేలకొద్దీ చిన్న ఫైళ్లను చదవాలి కాబట్టి ఈ మిల్లీసెకన్లే నిమిషాలుగా పేరుకుంటాయి. ఎస్‌ఎస్‌డిలో కదిలే భాగాలు లేవు. అది ఏ ఫైలునైనా మిల్లీసెకనులో పదో వంతు సమయంలోనే అందుకోగలదు.

అందుకే అతి చౌక ఎస్‌ఎస్‌డి బిగించినా తేడా స్పష్టంగా తెలుస్తుంది. సాటా రకం సెకనుకు సుమారు 550 మెగాబైట్లు, ఎన్‌వీఎంఈ మూడో తరం రకం సుమారు 3,500 మెగాబైట్లు చదవగలవు. అయితే ఇవి పెద్ద ఫైళ్లను ఏకధాటిగా చదివేటప్పటి లెక్కలు. బ్రౌజింగ్, ఉత్తరాలు, చదువు వంటి ఇంటి పనుల్లో ఈ రెండింటి మధ్య తేడా చాలా స్వల్పం.

గ్లాసు మీద గీతల లెక్క

ఎస్‌ఎస్‌డిలోని నాండ్ ఫ్లాష్ చిప్‌లో కోట్లాది సూక్ష్మ సెల్స్ ఉంటాయి. విద్యుత్‌ను పోనివ్వని పొరల మధ్య ఎలక్ట్రాన్లను బంధించి సమాచారాన్ని దాచడం వీటి పని. ఈ ఆలోచనకు 1967లో బెల్ ల్యాబ్స్‌లో డావోన్ కాంగ్, సైమన్ జీ రూపమిచ్చారు. తోషిబా ఇంజినీర్ ఫుజియో మసువోకా 1980లలో దాన్ని ఫ్లాష్ మెమరీగా అభివృద్ధి చేశారు.

సెల్‌ను ఒక గ్లాసు అనుకుంటే, అందులో నీళ్లున్నాయో లేవో చెప్పడం తేలిక. దాని మీద ఎనిమిది మట్టాలు గుర్తించి, నీళ్లు ఏ మట్టంలో ఉన్నాయో చెప్పాలంటే జాగ్రత్తగా చూడాలి. పదహారు మట్టాలైతే ఇంకా కష్టం. ఒక్కో సెల్‌లో మూడు బిట్లు దాచే టీఎల్‌సీ రకానికి ఎనిమిది మట్టాలు, నాలుగు బిట్లు దాచే క్యూఎల్‌సీ రకానికి పదహారు మట్టాలు కావాలి. క్యూఎల్‌సీలో అదే చిప్‌లో ఎక్కువ సమాచారం పడుతుంది కాబట్టి ధర తగ్గుతుంది. కానీ రాయడానికి ఎక్కువ సమయం పడుతుంది. రాసి చెరిపిన ప్రతిసారీ పొర కొద్దికొద్దిగా అరుగుతుంది కాబట్టి ఆయుష్షూ తక్కువే.

ఈ నెమ్మదితనం పైకి కనిపించకుండా తయారీదారులు కొన్ని సెల్స్‌లో తాత్కాలికంగా ఒక్కో బిట్ మాత్రమే రాస్తారు. పెట్టె మీది 'రాసే వేగం' ఈ భాగానిదే. పెద్ద వీడియోలు కాపీ చేస్తూ ఆ భాగం నిండిపోతే, కొన్ని చౌక క్యూఎల్‌సీ డ్రైవ్‌ల వేగం హార్డ్ డిస్క్ స్థాయికి, ఒక్కోసారి అంతకంటే దిగువకు పడిపోతుంది. డ్రైవ్ నిండేకొద్దీ ఈ ఇబ్బంది పెరుగుతుంది. అందుకే కొంత ఖాళీ ఎప్పుడూ ఉంచాలి.

అరుగుదల భయం ఎంతవరకు నిజం?

డ్రైవ్ మీద ఎంత సమాచారం రాసేవరకు వారంటీ వర్తిస్తుందో టీబీడబ్ల్యూ అనే అంకె చెబుతుంది. 500 జీబీ టీఎల్‌సీ డ్రైవ్‌లలో చాలావాటికి ఇది 300 టెరాబైట్లు. రోజుకు 20 జీబీ రాసినా ఏడాదికి 7.3 టెరాబైట్లే అవుతుంది. ఆ లెక్కన పరిమితి చేరడానికి 40 ఏళ్లు దాటుతుంది. 100 టెరాబైట్ల పరిమితి ఉన్న క్యూఎల్‌సీ డ్రైవ్‌కైనా 13 ఏళ్లకు పైగా పడుతుంది. కాబట్టి బ్రౌజింగ్, చదువు, సినిమాల వరకైతే క్యూఎల్‌సీ సరిపోతుంది. తరచూ వీడియోలు ఎడిట్ చేసే ఇంట్లో టీఎల్‌సీకి కొంచెం ఎక్కువ పెట్టడం మేలు. సెల్ రకం గానీ, టీబీడబ్ల్యూ గానీ ఎక్కడా చెప్పని డ్రైవ్‌ను పక్కన పెట్టడమే మంచిది.

కొనేముందు మదర్‌బోర్డు మాన్యువల్ చూడడం తప్పనిసరి. సన్నని పట్టీలా ఉండే ఎం.2 డ్రైవ్‌లలో సాటా, ఎన్‌వీఎంఈ రకాలు చూడటానికి దాదాపు ఒకేలా ఉంటాయి. కానీ ఒక రకానికే పనికొచ్చే స్లాట్‌లో రెండోది పనిచేయదు. ఎం.2 స్లాట్ లేని పాత కంప్యూటర్‌కు 2.5 అంగుళాల సాటా డ్రైవ్ తేలికైన మార్గం. నమ్మశక్యం కానంత తక్కువ ధరకు వచ్చే పెద్ద డ్రైవ్‌లతోనూ జాగ్రత్త అవసరం. లోపల ఉన్నదానికంటే ఎక్కువ సామర్థ్యం చూపించే నకిలీలు ఉన్నాయి. డ్రైవ్‌ను పూర్తిగా నింపి, తిరిగి చదివి చూస్తే మోసం బయటపడుతుంది. 500 జీబీ డ్రైవ్ విండోస్‌లో 465గా కనిపిస్తే మాత్రం అది మోసం కాదు, లెక్కించే పద్ధతిలో తేడా.

అసలు ప్రమాదం

ఇంటి వాడకంలో అరుగుదల కంటే హఠాత్తుగా ఆగిపోవడమే పెద్ద ముప్పు. పాడయ్యే ముందు హార్డ్ డిస్క్ తరచూ శబ్దం చేస్తుంది, ఎస్‌ఎస్‌డి ఏ చప్పుడూ చేయదు. పొరపాటున చెరిపిన ఫైళ్లను తిరిగి పొందడం కూడా ఇందులో కష్టం, ఎందుకంటే ట్రిమ్ అనే ఏర్పాటు వాటి చోటును ఖాళీ చేసేస్తుంది. రాస్తుండగా కరెంటు పోతే సమాచారం దెబ్బతినవచ్చు కాబట్టి డెస్క్‌టాప్‌కు యూపీఎస్ అవసరం. కరెంటు లేకుండా ఏళ్ల తరబడి బీరువాలో పెట్టడానికీ ఎస్‌ఎస్‌డి తగదు. బాగా అరిగిన సెల్స్ నుంచి ఎలక్ట్రాన్లు మెల్లగా జారిపోతాయి, వేసవి వేడిలో ఇది మరింత త్వరగా జరుగుతుంది.

పెళ్లి ఫొటోలు, పిల్లల సర్టిఫికెట్లు, పొలం కాగితాల స్కాన్‌లు ఒక్క డ్రైవ్‌లోనే ఉంటే, అది ఎంత ఖరీదైనదైనా భద్రత లేనట్టే. కంప్యూటర్ నుంచి తీసిన పాత హార్డ్ డిస్క్ ఇంకా బాగుంటే పారేయనక్కర్లేదు. కొన్ని వందల రూపాయల యూఎస్‌బీ కేసులో పెట్టి, నెలకోసారి ముఖ్యమైన ఫైళ్లను అందులోకి కాపీ చేసుకుంటే రెండో ప్రతి సిద్ధంగా ఉంటుంది.