జనరేటరు కొనాలా? ముందు మోటారు సంగతి చూడండి

అక్టోబరు దగ్గర పడుతోందంటే పలాస, కాశీబుగ్గ బజార్లలో నన్ను ఆపి అడిగేవాళ్లు ఎక్కువవుతారు. "ఇన్‌స్పెక్టరు గారూ, ఈసారైనా ఓ జనరేటరు కొనేయమంటారా?" విద్యుత్ శాఖలో లైన్‌మన్‌గా చేరి లైన్ ఇన్‌స్పెక్టరుగా రిటైరైనవాణ్ని. స్తంభాలెక్కిన మనిషి కాబట్టి జవాబు జేబులో పెట్టుకుని తిరుగుతాడని వాళ్ల నమ్మకం. నేను మాత్రం ఎదురు ప్రశ్న వేస్తాను. "మీ ఇంట్లోకి నీళ్లు ఎక్కణ్నుంచి వస్తాయి?"

ఆ ప్రశ్న నాకు తిత్లీ నేర్పింది. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున ఆ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. ఉద్దానంలో కొబ్బరి, జీడితోటలు ఎంత కూలాయో కరెంటు స్తంభాలూ అలాగే కూలాయి. చీకటికి జనం రెండో రాత్రికే అలవాటు పడ్డారు. కొవ్వొత్తి ఉంది, ముందే పడుకునే అలవాటూ ఉంది. నీళ్లకు మాత్రం అలవాటు పడలేకపోయారు. ఇంటింటికీ బోరు వేయించుకుని, పాత చేతి బోరింగులు తుప్పు పట్టనిచ్చిన ఊళ్లలో బిందె నీళ్లకు అవస్థ పడ్డారు. ట్రాక్టరు మీద జనరేటరు పెట్టుకుని వీధి వీధీ తిరుగుతూ, డబ్బులు తీసుకుని ట్యాంకులు నింపినవాళ్లే అప్పుడు దేవుళ్లు. అంతకు నాలుగేళ్ల ముందు, 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖపట్నాన్ని కొట్టినప్పుడు అపార్ట్‌మెంట్లలోనూ ఇదే తంతు. పై అంతస్తులవాళ్లు బకెట్లతో మెట్లెక్కారు.

కాబట్టి ముందు తేల్చుకోవలసింది మీ భయం ఏ రకం కోత గురించి అన్నది. గంటా రెండు గంటలు పోయే కరెంటు గురించే అయితే జనరేటరు మాట మరిచిపోండి, ఇన్వర్టరు చాలు. 12 వోల్టుల 150 ఆంపియర్-అవర్ బ్యాటరీలో లెక్క ప్రకారం 1,800 వాట్-అవర్లు ఉంటాయి. నష్టాలు పోగా, బ్యాటరీని అడుగంటా పిండకుండా, 1,200 దాకా వాడుకోవచ్చు. పాత ఫ్యాను ఒక్కోటి 75 వాట్లు తాగుతుంది. అలాంటివి రెండు, నాలుగు ఎల్ఈడీ బల్బులు, ఒక వైఫై పెట్టె కలిపితే ఆరు గంటలొస్తుంది. ఆ రెండు ఫ్యాన్లూ తీసేసి 30 వాట్ల బీఎల్‌డీసీ ఫ్యాన్లు పెట్టండి, అదే బ్యాటరీ పదకొండు గంటలు లాగుతుంది. వేలు పోసి జనరేటరు కొనేకన్నా ఫ్యాన్లు మార్చుకోవడం లాభమైన ఇళ్లే ఎక్కువ. ఫ్రిజ్ అంటారా, తలుపు తీయకుండా ఉంచితే నాలుగు గంటలు చల్లదనం నిలుస్తుంది.

ఇన్వర్టరు చేతులెత్తేసేది మోటారు దగ్గర. జనరేటరు అమ్మేవాడు మిమ్మల్ని బుట్టలో వేసేదీ అక్కడే. "ఇది 2 కేవీఏ అండీ, అంటే రెండు వేల వాట్లు. మీది ఒక హెచ్‌పీ మోటారు, 746 వాట్లేగా" అంటాడు. ఆ 746 మోటారు చేసే పని. లైను నుంచి అది లాగేది వెయ్యి వాట్ల పైమాటే. స్టార్టయ్యే ఆ ఒక్క క్షణం మామూలు కరెంటుకు ఐదారు రెట్లు అడుగుతుంది. మన లైను మీద అది మనకు తెలియదు, మహా అయితే బల్బు ఒకసారి మసకబారుతుంది. చిన్న జనరేటరు మీద మాత్రం వోల్టేజి పడిపోతుంది, ఇంజను మూలుగుతుంది, మోటారు తిరగకుండా వేడెక్కి వైండింగు కాలిపోతుంది. ఒక హెచ్‌పీ బోరు మోటారుకు 3 కేవీఏకు తగ్గకూడదు. ఒకటిన్నర హెచ్‌పీ అయితే 5 కేవీఏ చూసుకోవాలి. కాగితం మీద లెక్కలు వద్దు, మీ మోటారు మీదే ఒకసారి స్టార్టు చేసి చూపించమనండి. చూపించనన్నవాడి దగ్గర కొనకండి.

ఖర్చు సంగతి త్వరగా చెప్పేస్తాను. 3 కేవీఏ పెట్రోలు సెట్టు కాస్త లోడు మీద గంటకు సుమారు లీటరు తాగుతుంది. ఆ లీటరుకు ఒకటిన్నర, మహా అయితే రెండు యూనిట్లొస్తాయి. పెట్రోలు వంద దాటింది కాబట్టి యూనిట్ యాభై రూపాయల పైనే పడుతుంది. ఇంటి మీటరు మీద ఎంత పెద్ద శ్లాబులో ఉన్నా యూనిట్ పది దాటదు. ఇక తుపాను తర్వాత బంకులో పంపు నడవాలన్నా కరెంటు కావాలి, జనరేటరున్న బంకు దగ్గరేమో కిలోమీటరు క్యూ. అందుకే జనరేటరుతో రోజంతా ఫ్యాను తిప్పుకుందామనుకోవడం దండగ. ఉదయం ఒక గంట వేసి ట్యాంకు నింపుకోవడం, ఫ్రిజ్‌ను చల్లబరచుకోవడం, ఫోన్లు చార్జి చేసుకోవడం, దాని పని అంతే.

కొన్నాక పెంచడం ఇంకో బాధ. తుపాను వెళ్లిన వారంలో ఆదరాబాదరాగా కొన్న సెట్లు మెట్ల కింద గోనెసంచి కప్పుకుని ఉండటం చాలా ఇళ్లలో చూశాను. పాత పెట్రోలు కార్బురేటర్‌లో జిగురులా గడ్డకడుతుంది, అవసరమైన రోజు తాడు లాగీ లాగీ భుజం పట్టేస్తుంది. నెలకోసారి పావుగంట లోడు మీద నడపలేనివాళ్లు కొనకపోవడమే మంచిది.

డాబా మీద సోలారు పలకలున్నవాళ్లు "మాకేం, ఎండ ఉంది" అంటుంటారు. పీఎం సూర్యఘర్ కింద ఈమధ్య చాలామంది పెట్టించుకున్నారు. అయితే మామూలుగా గ్రిడ్‌కు కలిపిన సోలారు, కరెంటు పోగానే తనంతట తానే ఆగిపోతుంది. అది లోపం కాదు, లైను మీద పనిచేసేవాడి ప్రాణం కోసం పెట్టిన ఏర్పాటు. కరెంటు లేనప్పుడూ నడవాలంటే బ్యాటరీ, హైబ్రిడ్ ఇన్వర్టరు వేరే కావాలి.

సోలారుకున్న ఆ బుద్ధి జనరేటరుకు లేదు. నా బాధ ఇక్కడే. మా శాఖలో లైను మీద పని చేయాలంటే ముందు సబ్‌స్టేషన్ నుంచి ఎల్‌సీ తీసుకుంటాం. అంటే ఫీడరు ఆపించుకుని, లైన్ క్లియర్ అని మాట తీసుకుంటాం. మా మనిషి ఆ మాట నమ్మి స్తంభమెక్కుతాడు. అదే సమయంలో వీధి చివర ఒకాయన, రెండు పక్కలా ప్లగ్గు బిగించిన వైరుతో జనరేటరును వంటింటి సాకెట్‌కు కలుపుతాడు. మెయిన్ ఆపడం మరిచిపోతాడు. కరెంటు మీటరు దాటి వెనక్కి నడుస్తుంది. ఇంటికి వచ్చేటప్పుడు 11 వేల వోల్టులను 230కి దించిన ట్రాన్స్‌ఫార్మరే, వెనక్కి వెళ్లేటప్పుడు 230ని తిరిగి వేలల్లోకి ఎక్కిస్తుంది.

"చుట్టుపక్కల ఇళ్ల లోడంతా మీద పడి జనరేటరే ఆగిపోతుందిలే" అనే తెలివైనవాళ్లున్నారు. మామూలు రోజుల్లో ఆగవచ్చు. తుపాను తర్వాత లైను నాలుగు చోట్ల తెగి ఉంటుంది, మిగిలిన ముక్క మీద మీ ఇల్లొక్కటే ఉండవచ్చు, పక్కింటివాళ్లు మెయిన్ ఆపేసి ఊరెళ్లి ఉండవచ్చు. డిశ్చార్జి రాడ్డు వేసి లైను ఎర్తు చేయకుండా ముట్టుకోకూడదని మా కుర్రాళ్లకు చెవినిల్లు కట్టుకుని చెప్పేవాణ్ని. అయినా వారం రోజులు నిద్రలేక పని చేసే మనిషి ప్రతి స్తంభం దగ్గరా గుర్తుంచుకుంటాడని నమ్మి, ఆ ప్లగ్గు పెట్టకండి.

దీనికి మందు చేంజోవర్ స్విచ్. అటు వేస్తే లైను, ఇటు వేస్తే జనరేటరు, రెండూ ఒకేసారి కలవవు. ఫేజుతో పాటు న్యూట్రల్‌నూ మార్చే రెండు పోల్స్‌ది తీసుకోండి. ఇంటికి సరిపోయేది రెండు మూడు వేలలో వస్తుంది. జనరేటరుకు విడిగా ఎర్తింగ్ చేయించండి.

పొగ గురించీ ఒక మాట. జనరేటరు పొగలో కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది. దానికి రంగూ వాసనా ఉండవు, మత్తులోనే మనిషి పోతాడు. వాన పడుతోందని వరండాలోకి, సెల్లార్‌లోకి లాక్కురాకండి. కిటికీలకు ఇరవై అడుగుల దూరంలో, పైన రేకు వేసి నాలుగు పక్కలా గాలి ఆడేలా పెట్టాలి. అంత జాగా లేని ఇల్లు జనరేటరు ఇల్లు కాదు.

ఇంతకీ ఎవరు కొనాలి? ఇంట్లో ఆక్సిజన్ కాన్సెంట్రేటరు మీద ఉన్న పెద్దలుంటే ఆలోచించకండి, ఇన్వర్టరూ జనరేటరూ రెండూ పెట్టుకోండి, పక్కన ఒక సిలిండరు కూడా. ఆరుబయట జాగా ఉండి, బోరు తప్ప వేరే నీళ్లు లేనివాళ్లు కొనవచ్చు. కానీ ఒక్కో ఇంటికి ఒక్కోటి ఎందుకు? ఐదారు ఇళ్లు కలిసి చక్రాలున్న 5 కేవీఏ ఒకటి కొనుక్కుని, వంతులవారీగా మోటార్లు వేసుకుంటే ఖర్చు పంచుకోవచ్చు. నెలనెలా నడిపే మనిషీ ఉంటాడు. ప్రతి ఇంటికీ చేంజోవర్ మాత్రం విడిగా ఉండాల్సిందే. మిగతావాళ్లకు ఇన్వర్టరు, తక్కువ తాగే ఫ్యాన్లు, వీధి చివరి చేతి బోరింగు బాగు చేయించుకోవడం, ఇవి చాలు.

ఇప్పటికే జనరేటరు కొన్నవాళ్లను ఒకటి అడుగుతాను. దాని వైరు మీ ఇంట్లోకి ఎలా వస్తోందో ఈ వారమే చూడండి. సాకెట్ గుండా వస్తుంటే తీసేసి చేంజోవర్ బిగించమని ఎలక్ట్రీషియన్‌ను పిలవండి. మీ ఇంట్లో జనరేటరు ఉందని మీ లైన్‌మన్‌కు చెప్పి ఉంచండి.