సున్నపురాతిలో నూనె

కాజీపేట పేరొందిన రైలుకూడలి. సికింద్రాబాదు, విజయవాడ, బల్లార్షా మార్గములు ఇచట కలియును. ఈ ఊరి లోకోషెడ్డులో ఎన్నో ఏండ్లుగా డీజిలు ఇంజనులను మరమ్మతు చేయుచు వచ్చిరి. ఆ ఇంజనులను నడపు డీజిలు, భూగర్భమునుండి తీసిన ముడినూనెలోని ఒక భాగమే. ముడినూనెను పెట్రోలియ మందురు. శిల, తైలము అను అర్థములుగల రెండు పదముల కలయికవలన ఆ పేరు ఏర్పడినది. రాతికిని నూనెకును ఏమి సంబంధము? ఈ ప్రశ్నకు సమాధానము వెదకుటకు కాజీపేటనుండి ఎంతో దూరము పోనక్కరలేదు.

కాజీపేట, హనుమకొండల చుట్టునున్న గుట్టలు గ్రానైటు రాతివి. భూమి లోతున కరగియున్న పదార్థము మెల్లగా చల్లారి గట్టిపడగా ఈ రాయి ఏర్పడినది. దీని వయస్సు సుమారు 250 కోట్ల సంవత్సరములు. నిప్పునుండి పుట్టిన రాయి గనుక ఇందులో జీవుల అవశేషము లుండవు. నూనె పుట్టుటకు ఆస్కారమును లేదు.

వరంగల్లునుండి ములుగు పోవు త్రోవలో మల్లంపల్లి చేరుసరికి నేల స్వభావము మారును. ఆ ప్రాంతపు రాళ్లు పొరలుపొరలుగా నుండును. ఇసుకరాయి, పలకరాయి, సున్నపురాయి వానిలో ముఖ్యములు. వీనిని పాఖాల శిలలందురు. కాకతీయుల కాలమునాటి పాఖాల చెరువు పేరే వీనికి వచ్చినది. భారత భూగర్భ పరిశోధనశాఖకు చెందిన విలియం కింగు 1881లో వెలువరించిన గ్రంథమున ఈ శిలలను వర్ణించెను. ఇవి 150 కోట్ల సంవత్సరములకు పూర్వమే ఏర్పడినవి. ఆనాడు ఇచట అడవులు లేవు, మృగములు లేవు, మనుష్యులు లేరు. లోతులేని సముద్రపునీరు మాత్రమే పరచుకొని యుండెను.

ఈ సున్నపురాళ్లలో కొన్నింట వింతయైన గీతలు కానవచ్చును. కోసిన ఉల్లిగడ్డలోని పొరలవలె కొన్ని, ఒకదానిపై నొకటి బోర్లించిన గిన్నెలవలె కొన్ని, పేర్చిన గరాటులవలె మరికొన్ని యుండును. వీనిని స్ట్రొమటొలైటు లందురు. 1908లో కల్కోవ్‌స్కీ అను జర్మను శాస్త్రజ్ఞుడు ఈ పేరు పెట్టెను. కడప జిల్లాలోని వేంపల్లె ప్రాంతమున ఇంతకంటెను ప్రాచీనములైన స్ట్రొమటొలైటు శిలలు కలవు.

ఇంతటి కట్టడములను నిర్మించిన శిల్పులు కంటికి కనబడని సూక్ష్మజీవులు. చెరువుగట్టు రాళ్లపై జారుడుగా పట్టు నాచువంటి పొరగా అవి సముద్రపుటడుగున వ్యాపించెను. సూర్యరశ్మితో ఆహారమును తయారుచేసికొనుచు, నీటిలోని బొగ్గుపులుసు వాయువును అవి గ్రహించెను. అందువలన నీటిలో కరగియున్న సున్నము విడివడి పేరుకొనెను. నీటిలో తేలివచ్చిన సన్నని మట్టియు వాని జిగురుకు అంటుకొనెను. వెలుతురు మరుగుపడగానే సూక్ష్మజీవులు మట్టిని దాటి పైకి వచ్చి క్రొత్త పొరను పరచెను. ఇట్లు పొరపై పొర చేరి రాయి పెరిగెను. నేటికిని ఆస్ట్రేలియా పశ్చిమతీరమున షార్కు అఖాతములో ఇట్టి రాళ్లు సజీవముగా పెరుగుచున్నవి. సంవత్సరమునకు వాని పెరుగుదల అర మిల్లీమీటరునకు మించదు. మనము పీల్చు ప్రాణవాయువును మొదట గాలిలో నింపినవియు ఈ జాతి జీవులే.

ఇక నూనె మాట. చచ్చిన సూక్ష్మజీవులు సాధారణముగా కుళ్లి నశించును. ప్రాణవాయువు సోకని బురదలో పూడిపోయినచో మాత్రము వాని జీవపదార్థము మిగులును. దానిపై మట్టిపొరలు చేరినకొలది అది లోతునకు దిగును. లోతు పెరిగినకొలది వేడియు పెరుగును. వేడి 60 డిగ్రీల సెంటిగ్రేడు మొదలు 150 డిగ్రీలవరకు నున్నచోట లక్షలు, కోట్ల ఏండ్లలో ఆ పదార్థము నూనెగా మారును. వేడి అంతకు మించినచో వాయువగును. మరింత మించినచో నల్లని కర్బనము మాత్రమే మిగులును.

పుట్టిన నూనె నిలుచుటకు మరి రెండు కావలెను. మొదటిది, రాతిలో సందులు. స్ట్రొమటొలైటు పొరలనడుమ సహజముగనే ఖాళీలుండును. నీరు కొంత సున్నమును కరగించి వానిని పెద్దవి చేయును. రెండవది, పైని గట్టి మూత. నూనె నీటికంటె తేలిక గనుక పైకెగయ జూచును. నూనె చొరని ఉప్పురాయియో పలకరాయియో పైన కప్పియున్నగాని అది నిలువదు. కుండయున్నను మూత లేనిచో నెయ్యి పిల్లిపాలగును గదా!

ఈ మూడును కుదిరినచోట్లు కొన్ని కలవు. ఒమాను దేశమున సుమారు 54 కోట్ల సంవత్సరములనాటి సూక్ష్మజీవ శిలలు మందమైన ఉప్పురాతిలో చిక్కుకొని యున్నవి. వానియందే నూనె పుట్టినది, వానియందే నిలిచినది. బ్రెజిలు సముద్రములో 2006లో కనుగొన్న గొప్ప తైలక్షేత్రము సైతము ఉప్పుపొర క్రింది సున్నపురాళ్లలోనిదే; ఆ రాళ్లలో కొంతభాగము సూక్ష్మజీవులు కట్టినదని పలువురు శాస్త్రజ్ఞుల అభిప్రాయము. మన రాజస్థానములోని బాఘేవాలాలో 1991లో చిక్కనైన ముడినూనె దొరకినది. అదియు దాదాపు ఒమాను శిలల కాలపు రాళ్లలోనిదే.

మరి పాఖాల శిలలలో తైలక్షేత్ర మేల లేదు? ఇవి మిక్కిలి ప్రాచీనములు. ఇంత దీర్ఘకాలములో భూమి పలుమారులు కదలును. పొరలు ముడుతలు పడి చీలును. మూత పగిలిన చోట నూనె జారిపోవును. ఒమానునందువలె కాపాడు మందపు ఉప్పుపొర ఇచట లేదు. కృష్ణా గోదావరుల ముఖమున దొరకు నూనెయు, వాయువును వేరు. అవి చాల పిన్నవయస్సు శిలలలోనివి.

నూనె లేనంతమాత్రమున మల్లంపల్లి రాయి వ్యర్థము కాదు. భూమి బాల్యమును తెలుపు పుస్తకములలో అదియొక పుట. తెలియక పగులగొట్టి బట్టీలో కాల్చినచో ఆ పుట మరల వ్రాయబడదు. నేడు మన దేశము తనకు కావలసిన ముడినూనెలో నూటికి 80 పాళ్లకు పైగా విదేశములనుండియే కొనుచున్నది. సూక్ష్మజీవులు కోట్ల ఏండ్లు కూడబెట్టిన సొత్తును మనము కొలది తరములలో కాల్చివేయుచున్నాము. దీపము నార్పి పొదుపుచేసిన చుక్క నూనెయు వాని శ్రమకు మనము చూపు మర్యాదయే. రాతిని చదువనేర్చినవాడు నూనె విలువను ఎరుగును.