సంత పోయింది... సంగీతం మిగిలింది

జర్మనీలోని మిట్టెన్‌వాల్డ్ అనే చిన్న ఊరు తన పాతదనాన్ని కొండల వల్ల కాపాడుకుందని అందరూ అంటారు. చరిత్ర చెప్పేది వేరు. ఆ పాతదనాన్ని తెచ్చిపెట్టింది దారి.

జర్మనీ దక్షిణపు కొసన, ఆస్ట్రియా సరిహద్దును ఆనుకుని, సముద్రమట్టానికి 900 మీటర్లకు పైఎత్తున ఉంటుంది మిట్టెన్‌వాల్డ్. జనాభా ఏడు వేల పైచిలుకు. బవేరియా రాష్ట్ర పాలన లెక్కల్లో ఇప్పటికీ దాని హోదా ‘సంత ఊరు’. తలెత్తితే కార్వెండెల్ కొండల రాతిగోడ, ఊరి పక్కగా ఇసార్ నది, ఇళ్ల గోడల నిండా పునీతుల బొమ్మలు, వయొలిన్లు చేసే పనివాళ్లు, శీతాకాలం చివర చెక్క ముసుగులతో వీధుల్లోకి దిగే మగవాళ్లు. దీన్నంతా చూసినవారికి చప్పున తట్టే మాట ఒకటే: బయటిగాలి సోకని కొండ ఊరు కాబట్టే పాత ఆచారాలు చెక్కుచెదరకుండా మిగిలాయి. వినడానికి బాగుండే ఈ మాట రికార్డుల ముందు నిలవదు. ఈ ఊరు గర్వంగా చూపించుకునే ప్రతి దాని వెనకా ఒక ప్రయాణమో, ఒక బేరమో, బయటినుంచి వచ్చిన ఒక పనితనమో కనిపిస్తుంది. సంప్రదాయం ఒంటరితనంలో పుట్టి పెరుగుతుందన్న మన సాధారణ నమ్మకాన్ని పరీక్షకు పెట్టడానికి ఇంతకంటే మంచి ఊరు దొరకదు.

దారి తెచ్చిన సిరి

ఆల్ప్స్‌ను దాటి ఇటలీని జర్మన్ నగరాలతో కలిపే దారుల్లో ఒకటి రోమన్ల కాలం నుంచీ ఇటుగానే పోయేది. 1294 నుంచి 1802 దాకా, అంటే అయిదు వందల ఏళ్లకు పైగా, ఈ ప్రాంతం ఫ్రైజింగ్ బిషప్పుల ఏలుబడిలో ఉంది. ఉత్తరాన బవేరియా, దక్షిణాన టిరోల్ అనే రెండు పెద్ద రాజ్యాల మధ్య ఇరుక్కున్న ఈ చిన్న సీమకు పంట భూములు తక్కువ, చలి ఎక్కువ. తిండి పెట్టింది రవాణా. దారిని మజిలీలుగా విడగొట్టి, ఒక్కో మజిలీలో సరుకు మోసే హక్కును అక్కడి బండివాళ్లకే కట్టబెట్టిన పద్ధతి ఒకటి ఉండేది. పై ఊరి బండి సరుకు తెచ్చి మిట్టెన్‌వాల్డ్ గిడ్డంగిలో దించాలి, అక్కడినుంచి మిట్టెన్‌వాల్డ్ వాళ్లే మోయాలి. కొంత సరుకు తెప్పలకెక్కి ఇసార్ మీదుగా మ్యూనిక్‌కు, ఆపైన డాన్యూబ్ నదిలోకి పోయేది. అంటే దాటిపోయే ప్రతి మూటకూ ఊరికి కూలి ముట్టేది.

ఆ కూలి సిరిగా మారింది మాత్రం పక్కరాజ్యంలో రేగిన తగవు వల్ల. వెనిస్ వర్తకులు, జర్మన్ వర్తకులు కలుసుకునే పెద్ద సంత టిరోల్‌లోని బోట్సెన్‌లో జరిగేది. ఇప్పుడది ఇటలీలోని బొల్జానో. 1487లో టిరోల్ పాలకుడు జిగిస్ముండ్ వెనిస్‌తో యుద్ధానికి దిగి, సంతకు వచ్చిన వెనిస్ వర్తకులను పట్టి బంధించి, వాళ్ల సరుకు లాక్కున్నాడు. దాంతో వెనిస్ వాళ్లు తమ సంతను అతని అధికారం చెల్లని మిట్టెన్‌వాల్డ్‌కు మార్చారు. మార్చినా పేరు మాత్రం ‘బోట్సెన్ సంత’ అనే ఉండిపోయింది. 192 ఏళ్లపాటు, 1679 దాకా, ఆగ్స్‌బర్గ్, నూరెంబర్గ్ వర్తకులు పట్టు, మసాలా దినుసులు కొనడానికి ఈ కొండ ఊరికి వచ్చారు. ఈలోగా బోట్సెన్ తన తప్పు దిద్దుకుంది. 1635లో టిరోల్ పాలకురాలు క్లాడియా డి మెడిచి అక్కడ వర్తకుల తగవులు తీర్చే ప్రత్యేక న్యాయసభను నెలకొల్పింది. సొమ్ముకు భద్రత దొరికిన చోటికి వ్యాపారం తిరిగి పోవడంలో వింతేమీ లేదు.

సంత ఎత్తిపోయాక

సంత పోయిన కొద్దికాలానికే, 1680లలో, మథియాస్ క్లోట్జ్ అనే మిట్టెన్‌వాల్డ్ బిడ్డ సొంతూరికి తిరిగొచ్చి వయొలిన్ల తయారీ మొదలుపెట్టాడు. 1653లో పుట్టి 1743లో తొంభయ్యో ఏట కన్నుమూసిన ఈయనే ఇక్కడి వృత్తికి ఆద్యుడు. ఆయన కంచు విగ్రహాన్ని 1890లో చర్చి పక్కన నిలబెట్టారు. ఊరు చెప్పుకునే కథలో పసివాడైన క్లోట్జ్ క్రెమోనా వెళ్లి, మహాశిల్పి నికోలో అమాటి దగ్గరే పని నేర్చాడు. దొరికిన పత్రం మాత్రం అతను 1672 నుంచి 1678 దాకా పాడువా నగరంలో పియెత్రో రైలిచ్ అనే ల్యూట్ (తీగ వాద్యం) తయారీదారు దగ్గర పనిచేశాడని చెబుతోంది. నిజం కథ కంటే చిన్నది కాదు, పైగా ఎక్కువ విషయం చెబుతుంది. మిట్టెన్‌వాల్డ్‌కు పడమటగా ఉన్న ఫ్యూసెన్ పట్టణంలో ల్యూట్ తయారీదారులు 1562లోనే వృత్తిసంఘం పెట్టుకున్నారు. అక్కడ చోటు చాలక, ఆపైన ముప్పై ఏళ్ల యుద్ధం తరిమితే, చాలామంది ఇటలీ నగరాలకు వలసపోయారు. అలా ఉత్తరాది చేతులు దక్షిణానికి మోసుకుపోయిన పనితనం, అక్కడ పదునెక్కి, అదే దారిన క్లోట్జ్ చేతుల్లో వెనక్కి వచ్చింది.

ఇక్కడ ఒక అభ్యంతరం న్యాయంగానే వస్తుంది. వయొలిన్‌కు కావలసింది నిదానంగా పెరిగి, సన్నటి వలయాలు దేరిన స్ప్రూస్ కలప. అది ఈ కొండల్లో పుష్కలం. మరి వృత్తిని పుట్టించింది అడవి అనక దారి అనడమెందుకు? ఎందుకంటే ఆ కలప ఆల్ప్స్‌లో ఎన్నో లోయల్లో ఉంది, వయొలిన్ల ఊళ్లు మాత్రం వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. క్లోట్జ్ పుట్టకముందు కూడా అవే చెట్లు అక్కడే ఉన్నాయి. చెట్టును వాద్యంగా మార్చడానికి నేర్పు కావాలి, వాద్యాన్ని అన్నంగా మార్చడానికి కొనేవాడు కావాలి. ఆ రెండూ దారి వెంట వచ్చినవే. అలాగని సంత పోవడమే వయొలిన్‌ను పుట్టించిందనడం అతిశయోక్తి. రెండు సంఘటనలు వెంటవెంట జరిగినంత మాత్రాన ఒకటి రెండోదానికి కారణమైపోదు. ఇంతవరకు చెప్పవచ్చు: సంత పోయిన ఊరికి కొత్త జీవనాధారం అవసరమైంది, దూరపు బజార్లతో బేరమాడే అలవాటు అప్పటికే ఒంటబట్టి ఉంది. అందుకే క్లోట్జ్ పని ఒక ఇంటి నేర్పుగా ఆగిపోకుండా ఊరి వృత్తి అయింది. వీపున వయొలిన్లు కట్టుకున్న తిరుగువర్తకులు వాటిని మఠాలకూ రాజాస్థానాలకూ తిప్పి అమ్మారు. సాల్జ్‌బర్గ్‌లో భద్రపరిచిన మోజార్ట్ కచేరీ వయొలిన్ కూడా ఈ ఊరి క్లోట్జ్ కుటుంబపు పనిగానే ప్రసిద్ధి.

ఆ తర్వాతి కథ అంత అందమైనది కాదు. 19వ శతాబ్దంలో నాయ్నర్-హార్న్‌స్టైనర్, బాడర్ వంటి వర్తక సంస్థలు వృత్తిని గుప్పిట్లోకి తీసుకున్నాయి. ఒక ఇంట్లో మెడలు, మరో ఇంట్లో పైపలకలు చెక్కించి, చౌక వాద్యాలను ఇంగ్లండ్, రష్యా, అమెరికాలకు ఎగుమతి చేశాయి. లాభం వర్తకుడిది, కూలి పనివాడిది. పనిలో నాణ్యత నిలబెట్టడానికి 1858లో రెండో మాక్సిమిలియన్ రాజు హయాంలో వయొలిన్ తయారీ పాఠశాల తెరిచారు. అది నేటికీ నడుస్తోంది. తండ్రి నుంచి కొడుక్కి సహజంగా పాకిన వృత్తిగా మనం ఊహించుకునేదాని వెనక బడి, పెట్టుబడి, ప్రభుత్వ ఉత్తర్వు ఉన్నాయి.

గోడలూ ముసుగులూ

గోడబొమ్మల సంగతీ అంతే. ఆరని సున్నపు పూత మీద రంగులద్ది, లేని స్తంభాలూ కిటికీ చట్రాలూ ఉన్నట్టు భ్రమింపజేసే ఆ విద్య ఆల్ప్స్‌కు ఆవలి ఇటలీ చిత్రకళ నుంచి వచ్చింది. 18వ శతాబ్దంలో ఒబెరామర్‌గావ్ చిత్రకారుడు ఫ్రాంజ్ త్స్వింక్, మిట్టెన్‌వాల్డ్‌కే చెందిన ఫ్రాంజ్ కార్నర్ దానికి ఈ ప్రాంతపు ముద్ర వేశారు. బండ్లూ వర్తకమూ సంపాదించిపెట్టిన డబ్బున్న ఇంటివాడే గోడకు బొమ్మలు వేయించగలడు. కాబట్టి ఆ చిత్రాలు భక్తికి ఎంత గుర్తో కలిమికీ అంతే గుర్తు.

గట్టి అభ్యంతరం ముసుగుల దగ్గర ఎదురవుతుంది. ఉపవాస దినాలకు ముందువచ్చే పండుగలో, ‘పిచ్చి గురువారం’ నాడు, చెక్క ముసుగులు తొడిగి, నడుముకు పెద్దపెద్ద పశువుల గంటలు కట్టుకుని, ఒకే లయలో అడుగులు వేస్తూ మగవాళ్లు వీధుల్లో సాగుతారు. శీతాకాలాన్ని తరిమే తంతు ఇదని ఊరు చెబుతుంది. ఇంకో గుంపు గుడ్డలో వేసిన బొమ్మమనిషిని పైకెగరేసి పట్టుకుంటుంది. గొంతు మార్చి మాట్లాడటం, ముసుగులో ఉన్నది ఎవరో తెలియనివ్వకపోవడం ఆటలో నియమం. ఇది క్రైస్తవానికి ముందునాటి ఆచారమనీ, ఏ దారీ తెచ్చింది కాదనీ అనేవారున్నారు. ఆ ఆలోచనకు బలం చేకూర్చింది 1835లో జాకబ్ గ్రిమ్ ప్రచురించిన జర్మన్ పురాణశాస్త్ర గ్రంథం, దాని వెనక ఉన్న 19వ శతాబ్దపు కాల్పనికోద్యమం. ఆ తర్వాత హన్స్ మోజర్ వంటి బవేరియా జానపద పరిశోధకులు ఊహలు పక్కనపెట్టి పాత లెక్కల పుస్తకాలూ ఉత్తర్వులూ తిరగేశారు. ఆ కాగితాల్లో ఇలాంటి వేడుకలు ఉపవాసపు క్యాలెండరుకు కట్టుబడే కనిపిస్తాయి. ఈస్టర్‌కు ముందు నలభై రోజుల నిష్ఠ ఉంది కాబట్టే దానికి ముందు విచ్చలవిడి ఆటవిడుపు. ఈ సీమలో మిగిలిన పాత ముసుగులు కూడా చాలావరకు దయ్యాల మొహాలు కావు, నున్నగా చెక్కిన మనుషుల ముఖాలే. ఆచారం పాతదే, చెప్పుకునేంత ఆదిమమైనది కాదు.

ప్రదర్శన అయితే తప్పేమిటి?

1912లో ఇన్స్‌బ్రుక్ వైపు రైలుమార్గం పూర్తయ్యాక కొత్తరకం సరుకు ఊళ్లోకి దిగింది: పర్యాటకులు. 1987లో, సంత వచ్చి 500 ఏళ్లయిన సందర్భంగా, ఊరివాళ్లు పాత దుస్తులు కుట్టించుకుని బోట్సెన్ సంతను వేడుకగా తిరిగి జరిపారు. అది అయిదేళ్లకోసారి పండుగగా స్థిరపడింది. ఇదంతా టికెట్ల కోసం ఆడే నాటకమని ఎగతాళి చేసేవాళ్లకు జవాబు ఊరి చరిత్రలోనే ఉంది. మొదటి సంత కూడా డబ్బు కోసమే జరిగింది. అప్పుడు వర్తకుడి కోసం గిడ్డంగి కట్టిన ఊరు ఇప్పుడు యాత్రికుడి కోసం వేదిక కట్టింది. బేరం ఉంది కాబట్టి ఆచారం బూటకమనడం సంతలో పుట్టిన ఊరికి వర్తించని కొలత.

వేడుక మీద వేయాల్సిన అసలు ప్రశ్న వేరే ఉంది: అది దేన్ని గుర్తుంచుకుంటోంది, దేన్ని వదిలేస్తోంది? మిట్టెన్‌వాల్డ్ సైనిక శిబిరాల ఊరు కూడా. ఊరి దగ్గర హోహర్ బ్రెండ్టెన్ కొండ మీద పర్వతదళాల స్మారకం ఉంది, దాని దగ్గర ఏటా సభ జరుగుతుంది. రెండో ప్రపంచయుద్ధంలో ఆ దళాల చేతుల్లో చనిపోయినవారి మాట ఏమిటంటూ 2002 నుంచి అక్కడ నిరసనలు సాగాయి. 1943లో గ్రీసులోని కొమ్మెనో గ్రామంలో పర్వతదళ సైనికులు 300 మందికి పైగా పౌరులను చంపారు. 1487 నాటి సంతను గజం గుడ్డ తేడా లేకుండా గుర్తుచేసుకోగల సమాజం 1943ను తలచుకోవడానికి బయటివాళ్లు వచ్చి నినాదాలు చేయాల్సి వచ్చింది. సంప్రదాయం మీద ఫిర్యాదు ఉంటే ఇక్కడ ఉండాలి; దాని వయసు మీదో, సంపాదన మీదో కాదు.

ఈ పాఠం తెలుగువాళ్లకు కొత్తదేమీ కాదు. కర్ణాటక సంగీతంలోకి వయొలిన్ వచ్చి రెండు వందల ఏళ్లకు మించి ఎంతో కాలేదు. బాలుస్వామి దీక్షితులు దాన్ని చేపట్టిన ఒక శతాబ్దానికే విజయనగరంలో ద్వారం వెంకటస్వామి నాయుడు చేతిలో అది పూర్తిగా మనదైపోయింది. ఓడెక్కి వచ్చిన వాద్యమని ఈరోజు ఎవరూ దాన్ని కచేరీ వేదిక నుంచి దించమనరు. అందువల్ల ‘ఇది అనాదిగా మాదే’ అంటూ ఎవరైనా ఒక ఆచారాన్ని కంచె వేసి కాపాడమంటే, అది ఏ దారిన వచ్చిందో ముందు అడగండి. మిట్టెన్‌వాల్డ్ కొండలు కాపాడినది తక్కువ. ఆ కొండల మధ్య సందు లేకపోతే అక్కడ కాపాడుకోవడానికి ఏమీ ఉండేది కాదు.