మన్నుకు బలమిచ్చిన మీట

బెంగళూరు నుంచి హిందూపురం వెళ్ళే దారిలోనే ఉంది దొడ్డబళ్ళాపురం. ఇక్కడంతా ఎర్రనేల. ఆ మన్నునే తొక్కి గోడలు పెట్టి, పేడతో అలికి పల్లెజనం కాపురాలు చేశారు. నిప్పుకు గట్టిపడే మన్ను నీటికి మాత్రం కరుగుతుంది. మట్టిగోడకు అదే పెద్ద బెంగ.

1950లలో కొలంబియా రాజధాని బొగోటాలో, సిన్వా అనే గృహనిర్మాణ కేంద్రంలో రౌల్ రామిరెజ్ ఒక చేతియంత్రం తయారుచేశాడు. పేరు సిన్వా-రామ్. ఇనుప అచ్చు, మూత, పొడవాటి మీట, అంతే. తేమ మన్ను పోసి, మూతవేసి, మీట లాగితే మన్ను నొక్కుకుపోయి దిమ్మ అవుతుంది. కరెంటు లేదు, బట్టీ లేదు.

బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థలో 1974లో అమూల్య కె.ఎన్. రెడ్డి పూనికతో 'అస్త్ర' అనే విభాగం మొదలైంది. పల్లెలకు పనికొచ్చే సాంకేతికత దాని ధ్యేయం. తుమకూరు జిల్లా ఉంగ్రలో దాని గ్రామీణ కేంద్రం నడిచింది. కె.ఎస్. జగదీశ్, బి.వి. వెంకటరామరెడ్డి మట్టిదిమ్మల మీద ఏళ్ళ తరబడి పనిచేశారు. సిన్వా-రామ్ లాగే దిమ్మలు నొక్కడానికి 'అస్త్ర' రూపొందించిన మీట యంత్రమే ఆస్ట్రామ్.

నన్నడిగితే, వాళ్ళ గొప్పతనం యంత్రంలో కన్నా మన్నును అర్థం చేసుకోవడంలోనే ఎక్కువుంది. బంక ఎక్కువైతే దిమ్మ తడికి మెత్తబడుతుంది. మరీ తక్కువైతే అచ్చులోంచి తీసేటప్పుడే విరుగుతుంది. నీటికి కరగకుండా సిమెంటు కలిపే దిమ్మకు బంక 15 శాతం దరిదాపుల్లో ఉంటే మేలని వాళ్ళ పరిశోధన తేల్చింది. అందుకే బంక ఎక్కువున్న ఎర్రమన్నులో ఇసుకో క్వారీ పొడో కలుపుతారు. ఎర్రమన్నులో ముఖ్యంగా ఉండే కెయోలినైట్ నీటికి పెద్దగా ఉబ్బదు కాబట్టి 5 నుంచి 8 శాతం సిమెంటుతో పని జరుగుతుంది. ఉబ్బే నల్లరేగడి అయితే సున్నం కావాలి.

ఇంకో మెళకువ, ప్రతి దిమ్మకూ మన్ను తూచి పోయడం. అచ్చు కొలత మారదు కనుక, బరువు ఒకటైతే సాంద్రతా ఒకటే. 230 మిల్లీమీటర్ల పొడవు, 190 వెడల్పు, 100 ఎత్తు ఉండే దిమ్మ సుమారు 8 కిలోలు తూగుతుంది. తర్వాత గడ్డి కప్పి మూడు నాలుగు వారాలు నీళ్ళు చల్లాలి. చాలాచోట్ల తొందరపడేది ఇక్కడే. ఆ తడి లేకపోతే సిమెంటు బలం పుంజుకోదు.

కాల్చిన ఇటుకతో పోలిస్తే ఈ దిమ్మ తయారీకి 60 నుంచి 70 శాతం తక్కువ శక్తి చాలు. ఎర్రనేల ఊళ్ళలో ఒకటి రెండు అంతస్తుల ఇంటికి ఇంతకన్నా తగిన గోడ లేదని నా నమ్మకం. కట్టించుకునేవారికి ఒకటే మనవి: ఎండిన దిమ్మను తట్టి చూసి ఒప్పుకోకండి. ఒక రోజు నీళ్ళలో నానబెట్టించి, ఆ తడిమీదే బలం పరీక్ష చేయించి, ఆ అంకె చూశాకే గోడ మొదలుపెట్టండి.