బాబును దుబాయి తీసుకపోవాలంటే

రాత్రి బడి అయిపోయింది. అందరూ లేచిపోయారు. ఒక అక్క మాత్రం కూర్చునే ఉంది. ఆమె చేతిలో ఒక కవరు ఉంది.

ఆ అక్క భర్త దుబాయిలో ఏ.సి. మెకానిక్. రెండేళ్లకు ఒకసారి వస్తాడు. కొడుకుకు నాలుగేళ్లు. వాడికి తండ్రి అంటే ఫోనే. ఎవరైనా "మీ నాయిన ఏడీ?" అంటే ఫోను చూపిస్తాడు.

"సారూ, మా ఆయన మమ్ములను రమ్మంటుండు. ఏజెంటేమో ముందుగాల విజిట్ వీసా మీద పోండ్రి, అక్కడ మార్పిస్త అంటుండు. ఎనబై వేలు అడుగుతుండు. ఇయ్యమంటవా?" అని అడిగింది.

నేను వెంటనే జవాబు చెప్పలేదు. రెండు రోజులు అడిగి తెలుసుకున్నాను. మన జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాదు వైపు ఇంటికొకరు గల్ఫులో ఉన్నారు. అందుకే మీకూ చెబుతున్నాను.

దుబాయి వీసా శాశ్వతం కాదు. పని ఉన్నన్నాళ్లే ఉంటుంది. మామూలుగా రెండేళ్లకు ఇస్తారు, మళ్లీ పొడిగించుకోవాలి. పిల్లవాడి వీసా తండ్రి వీసాను పట్టుకొని ఉంటుంది. చెట్టుకు తీగ అల్లుకున్నట్టు అనుకోండి. తండ్రి ఉద్యోగం పోతే భార్యాపిల్లల వీసాలకూ ఎసరే. కొంత గడువు ఇస్తారు. ఆ లోపల వేరే పని దొరకాలి, లేకుంటే అందరూ తిరిగి రావాలి.

తండ్రికి ఏం అర్హత ఉండాలి? 2019కి ముందు పని పేరు చూసేవారు. ఇప్పుడు జీతం చూస్తున్నారు. నెలకు 4000 దిర్హాములు ఉండాలి. లేదా 3000 దిర్హాములు, దానితో పాటు ఇల్లు ఉండాలి. ఈ జీతం కంపెనీ కాగితం మీద కనబడాలి. నోటిమాట చెల్లదు.

"మా ఆయనకు 3200. రూము కంపెనీదే" అంది అక్క.

"ఎట్లాంటి రూము అక్కా?"

"క్యాంపుల ఆరుగురు ఉంటరు. మంచం మీద మంచం."

అది ఇల్లు కింద లెక్కకు రాదు. భార్యాపిల్లలు ఉండదగిన ఇల్లు కావాలి. దానికి కిరాయి ఒప్పందం కాగితం కూడా అడుగుతారు. ఈ మాట చెప్పడానికి నాకు నోరు రాలేదు. కానీ చెప్పాను. అక్క కాసేపు మాట్లాడలేదు.

ఏజెంటు మాట పూర్తిగా అబద్ధం కాదు. విజిట్ వీసా మీద పోయి అక్కడే మార్చుకున్నవారు ఉన్నారు. కానీ తండ్రికి అర్హత ఉంటేనే అది మారుతుంది. లేకుంటే ఎన్ని వేలు పోసినా మారదు. గడువు దాటితే మనిషికి రోజుకు 50 దిర్హాముల జరిమానా. నాలుగేళ్ల బాబుకైనా అంతే.

ఇక కాగితాల సంగతి. ఇక్కడే చాలామంది తిప్పలు పడుతున్నారు. బాబుకు సొంత పాస్‌పోర్టు ఉండాలి. పిల్లల పాస్‌పోర్టు 5 ఏళ్లే చెల్లుతుంది. దానికి తల్లి, తండ్రి ఇద్దరి ఒప్పుదల కావాలి. తండ్రి దుబాయిలో ఉంటే అక్కడి మన కాన్సులేటులో ప్రమాణపత్రం రాసి, ముద్ర వేయించి పంపాలి.

బాబు జనన పత్రం, మీ పెండ్లి రిజిస్ట్రేషన్ పత్రం కూడా కావాలి. వాటి మీద వరుసగా ముద్రలు పడాలి. మొదట మన రాష్ట్ర ప్రభుత్వానిది. తరువాత కేంద్ర విదేశాంగ శాఖది. ఆ తరువాత మన దేశంలో ఉన్న యు.ఎ.ఇ. రాయబార కార్యాలయానిది. చివరికి అక్కడి విదేశాంగ శాఖది. ఒక్క ముద్ర తప్పినా కాగితం వెనక్కి వస్తుంది.

18 ఏళ్ల లోపు పిల్లలకు అక్కడ వైద్య పరీక్ష ఉండదు. గుర్తింపు కార్డు మాత్రం పిల్లలకూ చేయించాలి. దేశంలో దిగిన 60 రోజుల లోపల నివాస వీసాకు పెట్టుకోవాలి. వీసా వచ్చాక ఇంటికి వచ్చి 6 నెలలకు మించి ఉండిపోతే మామూలుగా అది రద్దవుతుంది. అమ్మమ్మ ఇంటి మీద బెంగ ఉన్నవారు ఇది మరువవద్దు.

బడి గురించి కూడా ఆలోచించాలి. మన పిల్లలు అక్కడ ఎక్కువగా ప్రైవేటు బడులలో చదువుతారు. ఫీజు, కిరాయి, కరెంటు అన్నీ 4000లోనే వెళ్లాలి. అర్హత ఉండటం వేరు, బతకగలగడం వేరు.

(కువైటు పద్ధతి వేరు. అక్కడ ఇంటిపనికి పోయినవారి 20 నంబరు అకామా మీద పిల్లలను తెచ్చుకోనివ్వరు.)

ఇదంతా విని అక్క కవరు విప్పింది. జనన పత్రం తీసి, వేలు పెట్టి ఒక్కొక్క అక్షరం కూడబలుక్కుంది. ఆరు నెలల కింద ఆమెకు 'అ' రాదు.

"సారూ, ఈడ బాబు పేరు గడి ఖాళీగ ఉన్నది."

నిజమే. పుట్టినప్పుడు పేరు పెట్టలేదు, తరువాత ఎవరూ రాయించలేదు.

"ఇగో, మా ఆయన పేరు కాడ ఇంటిపేరు లేదు. పాస్‌పోర్టుల ఉన్నది."

నేను ఆ కాగితం అంతకు ముందే చూశాను. మొదటిది కనబెట్టాను. రెండోది నాకు తట్టలేదు. ఇంటిపేరు కలవకపోతే తండ్రీకొడుకులని ఎట్లా నమ్ముతారు?

జనన పత్రంలో పేరు లేకపోతే 15 ఏళ్ల వరకు రాయించవచ్చు. పుట్టుక నమోదు చేసిన చోటే అడగాలి. ఏడాది దాటితే కొంత రుసుము కట్టాలి. తప్పులు కూడా అక్కడే దిద్దిస్తారు.

మరునాడు అక్క పురపాలక కార్యాలయానికి పోయింది. అర్జీ తానే రాసింది, నేను రెండు ఒత్తులు దిద్దాను. ఏజెంటుకు పైసా ఇవ్వలేదు. భర్త తన కంపెనీలో జీతం పెంచమని అడిగాడు. వాళ్లు ఇంకా ఏమీ చెప్పలేదు. అర్జీ రసీదు మాత్రం అక్క పలక సంచిలో దాచుకుంది. రోజూ తీసి తేదీ చదువుతుంది.